జెర ఆగు

మధ్యాహ్నం వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. ఈ వేళకు మా ఆయన రాడే అనుకుంటూ తలుపు తీశాను. ముందు కూర్చున్నది ఆయన పక్క మిషన్ మీద పనిచేసే బీహారాయన. వెనక మా ఆయన. కుడి చేతికి తెల్లటి కట్టు ఉంది. ముఖంలో మాత్రం నెత్తురు లేదు.

"ఏమైంది?" అన్నాను. 

"ఏం కాలే. రెండు వేళ్ల గోర్లు నలిగినయ్. వేళ్లున్నయ్, సూడు." కట్టులోంచి వేళ్ల కొసలు కదిపి చూపించాడు.

బీహారాయన జేబులోంచి ఒక గ్లౌజు తీసి నా చేతిలో పెట్టాడు. రెండు వేళ్ల దగ్గర కొసలు లేవు, కత్తెరతో కోసినట్టు నున్నగా పోయాయి. "చాచాకా నసీబ్ అచ్ఛా హై, చాచీ," అన్నాడు, ఆయన అదృష్టం మంచిదని. షెడ్డు ఓనరు సేటు పెద్ద సైజు గ్లౌజులిచ్చాడని, కొసలు వేలాడుతున్నాయని మా ఆయన రోజూ తిట్టుకునేవాడు. ఆ వేలాడే గుడ్డే తెగింది. నేను ఆ గ్లౌజు పట్టుకుని గడప మీదే కూర్చుండిపోయాను. వచ్చిన మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

మా ఇల్లు పోతిరెడ్డిపల్లిలో. మా ఆయన పటాన్‌చెరు దగ్గర ఒక షెడ్డులో ప్రెస్సు నడుపుతాడు. మందుల కంపెనీల డ్రమ్ములకు వేసే రేకు మూతలు అక్కడ తయారవుతాయి. రేకు లోపల పెట్టి కాలితో పెడల్ తొక్కితే పైనుంచి దిమ్మ దిగుతుంది, మూత తెగుతుంది. మనిషి చేయి లోపల ఉన్నప్పుడు దిమ్మ దిగకుండా ముందు భాగంలో కంటికి కనిపించని వెలుతురు పరిచి ఉంటుంది. దాన్ని షెడ్డులో వాళ్లు పర్దా అంటారు. చేయి పర్దా దాటి లోపల ఉంటే, పెడల్ ఎంత తొక్కినా మిషన్ కదలకూడదు.

ఆ రోజు రేకు కొంచెం జారిందట. సర్దబోయాడు. కాలు అప్పటికే పెడల్ మీద పడింది. దిమ్మ దిగింది.

"మరి పర్దా?" అని అడిగాను.

మా ఆయన గోడ వైపు చూశాడు. "దానికి నేనే టేపు అంటించిన్నని అంటుండు సేటు."

మా వైపు షెడ్డుల్లో కొందరు అలా చేస్తారు. పని జల్దీ సాగాలని పర్దాకు మెరిసే టేపు అంటించి, చేయి లోపలున్నా దానికి తెలియకుండా చేస్తారు, తర్వాత పీకేస్తారు. ఆ పేరొకసారి పడితే ఏ గేటు దగ్గరా పనిలోకి రానివ్వరు. నాకు పెళ్లయిన నాటి నుంచీ ఆయన ప్రెస్సు మీదే ఉన్నాడు. పర్దా ముట్టుకోని మనిషి అని ఆయనకు పేరు. ఆ పేరు చూసే సేటు కొత్త మిషన్ ఆయన చేతికిచ్చాడు.

ఆ మిషన్ సంగతి కూడా చెప్పాలి. దాన్ని నడిపే బోర్డు మా బిడ్డ కంపెనీది. మా బిడ్డ ఇంజినీరింగు చదివి, పటాన్‌చెరులోనే బోర్డులు చేసే చిన్న కంపెనీలో చేరింది. ఏం పని అని అడిగితే, "డ్రైవర్లు రాస్తనమ్మా," అంది. నాకు అర్థం కాలేదు. ఎదురింటి వదినకు అంతకంటే అర్థం కాలేదు. "మావోనికి లైసెన్సు ఉంది, నీ బిడ్డతోని చెప్పి ఏదన్న బండి మీద పెట్టియ్యరాదు," అని చాలా రోజులు నా వెంట పడింది. తర్వాత మా బిడ్డే విడమర్చి చెప్పింది. బోర్డు మీద మిషన్‌ను నడిపే పెద్ద ప్రోగ్రాం ఒకటి ఉంటుందట. దానికీ చిప్పులకూ నడుమ మాట అందించే చిన్న ప్రోగ్రాములే డ్రైవర్లట. ఏ చిప్పును ఎప్పుడు లేపాలి, ఎప్పుడు పడుకోబెట్టాలి అన్నదంతా వాటి పనే.

కొత్త మిషన్ బిగించిన నాడు మా ఆయన షెడ్డంతా తిరిగి "ఇది నా బిడ్డ మిషిన్," అని చెప్పుకున్నాడు. బీహారాయన మిఠాయి అడిగితే సంగారెడ్డి నుంచి జిలేబీ తీసుకెళ్లాడు.

సాయంత్రం బిడ్డ ఇంటికొచ్చింది. తండ్రి చేయి చూసి బ్యాగు కింద పడేసింది. గ్లౌజు తెగిన చోట తన వేళ్లు పెట్టి చూసింది. తర్వాత అడిగింది, "బాపూ, పర్దా నడుస్తుండెనా?"

"నువ్వు గూడ గదే అడుగుతున్నవా? నీ మిషిన్‌కు నేను టేపు ఏస్తనా బిడ్డా?"

"గట్ల కాదు బాపూ. మునుపెప్పుడన్న గిట్ల అయిందా అని."

ఆయన లేదన్నట్టు తలాడించాడు. నాకు మాత్రం ఒక మాట గుర్తొచ్చింది. మొన్నొక రోజు నేను వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్నాను. ఆయన స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటూ నవ్వుతూ అన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. "నీ బిడ్డ మిషిన్ అచ్చం నీ బిడ్డ లెక్కనే ఉన్నదే. ఛాయ్ తాగొచ్చినంక మొదటి దెబ్బకు మాట వినది, రేకు కొస పర్దాల ఉన్నా ఆగక దిగుతది. ఇంక నిద్రల్నే ఉంటది."

మా బిడ్డ నా వైపు అలాగే చూసింది. "ఛాయ్ తాగొచ్చినంకనా? ఇయాల గూడ?"

"ఛాయ్ తాగొచ్చి కూసున్న. అదే మొదటిది," అన్నాడు ఆయన.

బిడ్డ బ్యాగులోంచి లాప్‌టాప్ తీసి నేల మీదే కూర్చుంది. నేను రొట్టెల పిండి కలుపుతూ చూస్తున్నాను. వేలితో తెర మీది అక్షరాలను కిందికి కిందికి నెడుతోంది. ఒకచోట వేలు ఆగింది. ఆ పిల్ల ముఖం అంతగా పాలిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. జ్వరంలో కూడా చూడలేదు.

"ఏంది బిడ్డా?"

తెర నా వైపు తిప్పి ఒక వరుస చూపించింది. నాకు ఇంగ్లీషు రాదు. ఆమే చదివింది. "జెర ఆగు." తనకు గుర్తుగా ఉండాలని ఆ వరుస పక్కన, కాస్త ఆగమనే మన మాటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుందట.

అప్పుడు చెప్పిందిలా. ప్రతి చిప్పులో ఒక గడియారం ఉంటుంది. మనం టైము చూసుకునేది కాదు. గుండెలాగా టకటకా కొట్టుకునేది. ఆ దెబ్బ మీదే చిప్పు పనిచేస్తుంది. పెడల్ తొక్కకుండా కొంతసేపు ఊరుకుంటే, వేడెక్కకుండా పర్దా చిప్పు గడియారాన్ని డ్రైవర్ ఆపేస్తుంది. మళ్లీ పెడల్ తొక్కగానే గడియారాన్ని లేపి, అది కుదురుకునేదాకా ఆగి, అప్పుడు లోపల చేయి ఉందా అని పర్దాను అడగాలి.

"కుదురుకోకముందే అడిగితే?"

"మన బోరు మోటరు ఏసినప్పుడు మొదలు ఏమొస్తదమ్మా?"

"ఎర్ర నీళ్లు. పైపుల నిలవున్నయి."

"గదే. పడుకునే ముందటి జవాబే నిలవ ఉంటది దాని నోట్ల. ఎవ్వలు లేరని చెప్తది."

ఎవరూ లేరట. లోపల ఈయన చేయి ఉండగా.

"మరి ఆగుమని రాసినవు గద?"

"ఎంతసేపు ఆగాల్నో రాయలేదమ్మా. లెక్కవెట్టుమన్న. ఇన్ని అంకెలు లెక్కవెట్టి అప్పుడు అడుగు అని. పాత చిప్పు మెల్లగ లెక్కవెడుతుండె, సరిపోయింది. అది దొరుకుతలేదని ఈ కొత్త బోర్డులల్ల జల్దీ చిప్పు ఏసిండ్రు. ఇది గవే అంకెలు గబగబ లెక్కవెట్టి అడుగుతుంది."

చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఈ పిల్ల వంతు వస్తే అంకెలన్నీ కలిపి ఒక్క ఊపిరిలో చదివేసి కళ్లు తెరిచేది. మిగతా పిల్లలు ఇంకా గోడ చాటుకైనా చేరేవారు కాదు. తొండి అని గోల చేసేవారు. ఆ సంగతి నా నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను.

మా ఆయన ఎప్పుడు లేచాడో, తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "ఎవలకన్న చెప్పినవా?" అన్నాడు.

"ఇంక లేదు."

"చెప్పకు. మెల్లగ మంచిగ చేసి పెట్టు. టేపు అంటే టేపే అననీ. నాకు ఇంకో షెడ్డు దొరుకుతది. నీ పేరు ఖరాబైతే నీకు దొరకది."

ఆయనకు ఇంకో షెడ్డు దొరకదని ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. నాకు ఒకవైపు ఆయన, ఒకవైపు బిడ్డ. ఎవరిని ఆపాలో తెలియక, "జెర ఆగు బిడ్డా, తెల్లారనీ, అందరం కూసొని మాట్లాడుకుందం," అన్నాను.

"ఎంతసేపు?" అంది.

నేను పిండి చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"జెర అంటే ఎంతసేపమ్మా? జిన్నారం షెడ్డులల్ల గూడ గీ బోర్డులే ఉన్నయ్. ఆడ సెకండ్ షిఫ్ట్ నడుస్తుంది. వాళ్లు గూడ ఛాయ్‌కి పోతరు. తాగి వస్తరు."

మా ఆయన తన చేతి కట్టు వైపు చూసుకున్నాడు. తర్వాత ఆయనే బల్ల మీది ఫోను తీసి బిడ్డకు ఇచ్చాడు. ఆమె మా ముందే తన సారుకు ఫోన్ చేసింది. "సార్, మన బోర్డులున్న ప్రెస్సులన్నీ బంద్ చేయించుండ్రి. ఇప్పుడే. తప్పు నా డ్రైవర్ల ఉంది. మా బాపుకు తగిలింది సార్, వేరే వాళ్లకు తగలొద్దు." అవతల మాటలు నాకు వినపడలేదు. అటు నుంచి ఫోన్ వచ్చేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. జిన్నారంలో మిషన్లు ఆపారని తెలిశాక, గోడకానుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున ముగ్గురం షెడ్డుకు వెళ్లాం. దారిలో సంతలో నేను ఒక సొరకాయ కొన్నాను, కూరకని. అంత పరేషాన్‌లోనూ కూర ఆలోచన వచ్చిందంటే నాకే వింతగా ఉంటుంది.

సేటు నమ్మలేదు. "తండ్రిని కాపాడుకోనీకి బిడ్డ కథ చెప్తుంది," అన్నాడు.

"కథ కాదు సార్, చూపిస్త," అంది మా బిడ్డ. లోపల పెట్టడానికి ఏదైనా కావాలంది. ఇనుమైనా కట్టెయినా పెడితే మూత కోసే అచ్చు పాడవుతుందని సేటు ఒప్పుకోలేదు. బీహారాయన నా సంచిలోకి చూసి సొరకాయ తీశాడు.

మొదట మిషన్ నడుస్తుండగానే సొరకాయను రెండు కర్రలతో పట్టుకుని పర్దా దాటించారు. పెడల్ తొక్కారు. దిమ్మ కదల్లేదు. "చూడు, మంచిగనే ఉంది," అన్నాడు సేటు. మా బిడ్డ సొరకాయను బయటికి తీయించి, ఖాళీగా ఒక దెబ్బ వేయించి, "ఇప్పుడు ఛాయ్ తాగుదం సార్," అంది. తాగాం. ఎవరికీ రుచి తెలియలేదు. తిరిగొచ్చి సొరకాయను ముందులాగే కర్రలతో లోపల పట్టుకుని మళ్లీ పెడల్ తొక్కారు.

ఆ చప్పుడు ఇప్పటికీ నా పక్కటెముకల్లో ఉంది. నీళ్లు ఎగిరి నా ముఖం మీద పడ్డాయి. సొరకాయ రెండు ముక్కలై, నడుమ భాగం రేకులాగా పలచబడి అచ్చుకు అంటుకుంది. గింజలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. పక్క మిషన్లు కూడా ఆగిపోయాయి. మా ఆయన తన కట్టు చేతిని ఎడమ చేత్తో పొదువుకుని నిలబడ్డాడు.

"సబ్జీ బన్ గయీ," అన్నాడు బీహారాయన మెల్లగా, కూర అయిపోయిందని. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

"టేపు మాట నేను వాపస్ తీసుకుంటున్న," అన్నాడు సేటు. మా ఆయన కిందికి వంగి గింజలు ఏరడం మొదలుపెట్టాడు.

బిడ్డ ఆ వరుస తీసేసింది. ఇప్పుడు డ్రైవర్ అంకెలు లెక్కపెట్టదట. కుదురుకున్నావా అని గడియారాన్నే అడుగుతుందట. ఔనని జవాబు వచ్చేదాకా దిమ్మ దిగదు. ఎంతకూ రాకపోతే మిషన్ మొత్తం ఆగిపోతుంది. కంపెనీలో ఆమెను మాటలన్నవాళ్లు అన్నారు. పని మాత్రం తీసెయ్యలేదు.

మా ఆయన గోళ్లు వంకరగా మళ్లీ వచ్చాయి. ఆయన అదే ప్రెస్సు మీదికి వెళ్లాడు. కానీ ఛాయ్ తాగి వచ్చిన ప్రతిసారీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఖాళీగా ఒక దెబ్బ వేసి, ఆ తర్వాతే రేకు పెడతాడట. బీహారాయన చెబితే ఇంట్లో తెలిసింది.

అన్నం తింటున్నప్పుడు బిడ్డ అడిగింది, "నేను మంచిగ చేసిన గద బాపూ. ఇంక ఎందుకు గట్ల?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి అన్నాడు.

"నువ్వు మంచిగనే చేసినవ్ బిడ్డా. నాకు తెల్సు. నా చేతికే ఇంక తెల్వలే."