నొప్పి అన్నవాళ్లని నమ్మడం

తొంభైల మధ్యలో ఒక చలికాలం మా ఆయన నన్ను గుడివాడ నుంచి బందరు తీసుకొచ్చి మా పుట్టింటి గుమ్మంలో దింపాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పులు విప్పకుండానే మా నాన్నతో, "నయమయ్యాక కబురు చెయ్యండి మావయ్యగారూ. ఈ పిల్లికూతలు వినలేక మా అమ్మ చస్తోంది" అన్నాడు.

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. పెళ్లికి ముందే ఆ సంగతి వాళ్లకి చెప్పాం. "మా ఇంట్లో గాలి మంచిది, అదే పోతుంది" అన్నది మా అత్తగారే. ఏడాది తిరిగేసరికి నా మంచం వంటింటి వెనక వసారాలోకి మారింది. దగ్గు వస్తే కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. అయినా వినపడేది. పొద్దున్నే ఆవిడ వచ్చి, నా ముఖం చూడకుండా గోడతో చెప్పినట్టు, "పాపం, బతికున్నట్టుంది" అనేది.

నాన్న నా పెట్టె తీసుకెళ్లి లోపల పెట్టాడు. అమ్మ టీ కాచింది. నయం కావడం నా బాధ్యత అని అందరికీ అర్థమైపోయింది, నాకు కూడా.

మందులు పని చెయ్యలేదు. అప్పుడు పక్కింటి పిన్నిగారు యోగా క్లాసు సంగతి చెప్పారు. కోర్టులకు వెళ్లే దారిలో ఒక మేడ మీద హాలు. నేర్పే ఆయన స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవారు. అరవై దాటినా నిటారుగా ఉండేవారు. చేతిలో సన్న బెత్తం. మొదటిరోజు అందరి ముందూ నన్ను నిలబెట్టి ఎందుకొచ్చావని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే అత్తారింటి నుంచి రిపేరుకొచ్చిన బండన్నమాట" అన్నారు.

హాలంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో పిన్నిగారు కూడా ఉన్నారు.

తనకీ విద్య ఎలా వచ్చిందో ఆయన తరచూ చెప్పేవారు. కడుపులో పుండుతో బాధపడుతూ వయసులో ఉన్నప్పుడు ఉత్తరాదికి వెళ్లారట. అక్కడ ఒక ఆశ్రమంలో గురువు కర్రతో కొట్టి నేర్పించాడట. పంచె కొంచెం పైకెత్తి పిక్క మీద మచ్చ చూపించేవారు. పెళ్లిలో పెట్టిన ఉంగరం చూపించినట్టు చూపించేవారు. "దెబ్బ తినకుండా విద్య రాదు. ఆయన నన్ను కొట్టాడు, నేను బతికాను. నేను మిమ్మల్ని కొడతాను, మీరు బతుకుతారు" అనేవారు. అందులో ఆయనకు అనుమానమేమీ లేదు.

లావుగా ఉన్న ఒకావిడ వచ్చేది. ముందుకు వంగలేకపోయేది. ఆయన ఆమె వీపు మీద అరికాలు పెట్టి నెమ్మదిగా బరువు వేసేవారు. "గేదె కూడా గడ్డి కోసం వంగుతుంది కదమ్మా" అనేవారు. ఆమె కన్నీళ్లు చాప మీద పడేవి. మేం నవ్వేవాళ్లం. ఆ పూట ఆ కాలు మా వీపు మీద లేనందుకు వచ్చే నవ్వు అది. తర్వాత ఆమె రావడం మానేసింది. "పత్తి మూట పోయింది" అన్నారాయన.

కానీ నాకు ఊపిరి ఆడింది. అది కాదంటే అబద్ధమవుతుంది. గాలి పీల్చడం కన్నా వదలడం ముఖ్యమని, తొందరపడకుండా పొట్టతో వదలాలని ఆయనే నేర్పారు. కొన్ని నెలలకి వెల్లకిలా పడుకుని నిద్రపోగలిగాను. అంతకు ముందు ఎప్పుడలా పడుకున్నానో గుర్తు లేదు. ఆయన ఏం చెప్పినా చేసేదాన్ని. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎవరైనా చూడడానికి వస్తే నన్నే చూపించేవారు.

నాన్న గుడివాడకి ఉత్సాహంగా కబురు పెట్టాడు.

ఆ రోజుల్లోనే హాల్లో ప్రదర్శన పెట్టారు. ఊళ్లో పెద్దవాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. నా కుడి మోకాలు పద్మాసనంలో పూర్తిగా నేలకి ఆనేది కాదు. దాని లోపల ఏదో పట్టేస్తోందని ముందురోజే చెప్పాను. "నొప్పి నీది కాదు, నీ బద్ధకానిది" అన్నారు. వేదిక మీద నేను కూర్చున్నాక ఆయన వెనక నుంచి వచ్చి నా మోకాళ్ల మీద రెండు చేతులూ ఆనించి, ఒళ్లంతా వంచి, బరువంతా వేశారు.

పచ్చి కొబ్బరి మట్ట విరిచినట్టు శబ్దమొచ్చింది. ఆయనకూ వినపడింది. ఆయన గడ్డం నా చెవి పక్కనే ఉంది.

"నవ్వు" అన్నారు మెల్లగా.

నవ్వాను. చప్పట్లు కొట్టారు. ఒకాయన ఫొటో తీశాడు. మాస్టారి ప్రసంగం అయ్యేదాకా అలాగే కూర్చున్నాను. తర్వాత ఇద్దరు ఆడవాళ్లు కాళ్లు విడదీసి నన్ను మెట్ల మీద నుంచి మోసుకొచ్చారు.

లోపల కండ చిరిగిందని, ఆపరేషన్ చెయ్యాలని బెజవాడలో డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చాక ఆ మాట ఎవరూ మళ్లీ ఎత్తలేదు. గురువుగారి దగ్గర నుంచి పిన్నిగారు ఒక మాట మోసుకొచ్చారు. నమ్మకం లేనివాళ్ల కీళ్లే అలా విరుగుతాయట.

మా ఆయన వచ్చిన రోజు మంచినీళ్లు నేనే తీసుకెళ్లాను. గది ఇవతల నుంచి అవతలికి నేను నడవడం ఆయన చూశాడు.

"దగ్గు పోయిందన్నారుగా?"

"పోయిందండి."

"మరి ఈ కుంటుడేంటి?"

ఆయన నీళ్లు పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఒకటి పోతే ఒకటొస్తోంది మావయ్యగారూ. ఇట్టా ఎన్నాళ్లు?" అని లేచాడు. విడాకులయ్యాక దివిసీమలో సంబంధం చేసుకున్నాడని తెలిసింది. ఆ అమ్మాయి దుక్కలా ఉందట. ఆ మాట మా అమ్మే చెప్పింది, బియ్యంలో రాళ్లు ఏరుతూ.

ఆ తర్వాత చాలాకాలం గది లోపలే ఉన్నాను. ఆ గదిలోనే నాకు యోగా వచ్చింది. గోడకి వీపు ఆనించి, కాలు చాపి, ఎంతవరకు వంగితే అంతవరకే వంచేదాన్ని. మోకాలు వద్దన్న చోట ఆగేదాన్ని. ఆగినచోట ఊపిరి వదిలితే, కొన్ని రోజులకి అది తనంతట తనే కొంచెం దారి ఇచ్చేది. ఇవ్వని రోజు ఇచ్చేది కాదు. తిడితే ఇంకా బిగుసుకునేది.

గిలకలదిండి నుంచి చేపలమ్మే ఆమె ఒకతె మా వీధికి వచ్చేది. బుట్ట దించి గుమ్మంలోంచి నన్ను చూసింది.

"ఏందమ్మా, కూచునే నిద్దరపోతన్నావా?"

ఊపిరి తీస్తున్నానని చెప్పాను. తన మెడ ఒక పక్కకి తిరగడం లేదంది. లోపలికి పిలిచి చాప మీద పడుకోమన్నాను. ఆమె పడుకోలేదు.

"గుంజుతావా? మంగినపూడిలో ఒకడు గుంజాడు. సచ్చిపోయాననుకున్నా."

"ముట్టుకోను. నువ్వే మెల్లిగా తిప్పు. నొప్పెడితే ఆపెయ్."

ఆమె పగలబడి నవ్వింది. "నొప్పెట్టినప్పుడల్లా ఆపితే మా ఇంట్లో పొయ్యి ఎలగదమ్మా!"

అయినా వచ్చేది. తర్వాత రేవులో పని చేసే మరికొందరిని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ల మగవాళ్లు వీధిలో నిలబడి, "పడుకోటానికి కూడా టీచరమ్మ కావాలంటయ్యా!" అని అరిచేవారు. నేను మొదట నేర్పింది వాళ్లకే. రోజంతా ఎవరో ఒకరు తోస్తూ, గుంజుతూ, తిడుతూ ఉండే ఒళ్లు అవి. ఇంకో చెయ్యి వాటి మీద వెయ్యబుద్ధి కాలేదు.

రెండు వేలు దాటాక టీవీల పుణ్యమా అని యోగా మోజు పెరిగింది. గుడివాడలో ఒక స్కూలు హాలు దొరికింది. రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. మొదట్లో చాపలు వేయడానికి చోటు చాలలేదు. తర్వాత మా గురువుగారి శిష్యుడొకడు బెత్తంతో సహా అదే ఊళ్లో క్లాసు పెట్టాడు. నా వాళ్లు ఒక్కొక్కరే అటు జరిగారు.

ఒకావిడ మొహమాటం లేకుండా చెప్పింది. "మీ దగ్గర ఒళ్లు నొప్పులే రావట్లేదండి. ఏదో చేసినట్టే లేదు. ఒక్కసారి వీపు మీద గట్టిగా నొక్కండి, ఉంటాను."

"నొక్కనండి" అన్నాను.

మెట్లు దిగుతూ పక్కావిడతో, "తనకే కాలు సరిగ్గా లేదు, మనకేం నేర్పుతుంది" అంది. నాకు వినపడేటట్టే అంది. అటు వెళ్లినవాళ్లు బజారులో కనపడితే, ఆ శిష్యుడు ఎంత తిడతాడో గర్వంగా చెప్పేవారు.

ఆ వారం హాల్లో సగానికి పైగా ఖాళీ. ఉన్నవాళ్లనే పడుకోమన్నాను. ఎక్కడైనా పట్టేస్తే చెప్పమన్నాను. కాసేపటికి వెనక వరసలో కొత్తగా చేరిన ఒకామె, "నడుమండీ" అంది.

"అయితే అక్కడితో ఆపేయండి" అన్నాను.

ఆపింది. కానీ కళ్లు మూసుకోలేదు. నేను దగ్గరికి వచ్చి ఏం చేస్తానోనని, చాలాసేపు నా చేతుల వంకే చూస్తూ పడుకుంది.