తిరిగి ఇవ్వని గిన్నె

మా వంటింటి అటక మీద ఒక స్టీలు గిన్నె ఉంది. అది మాది కాదు. కొన్నేళ్లుగా దాని వైపు చూడకుండా వంట చేసుకోవడం నేర్చుకున్నాను. చూడకపోయినా దాని బరువు నా గుండెల మీదే ఉంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది నరసరావుపేట. నేను చదివింది ఫుడ్ టెక్నాలజీ. వినుకొండ వైపు మా పుట్టింట్లో బోరు ఎండిపోయి గేదెలను అమ్ముకున్న ఏడాది నాకు కీచురాళ్ల పిచ్చి పట్టింది. నవ్వకండి. వాటిని పెంచడానికి నీళ్లూ మేతా చాలా తక్కువ చాలు. ఎండబెట్టి పొడి చేస్తే మాంసానికి తీసిపోని ప్రోటీన్. ఆ పొడి ప్యాకెట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆ పొడిని శనగపిండిలో కలిపి జంతికలు చేసి అమ్మాలని నా ఆశ. కానీ పురుగుల జంతికలంటే ఎవరు ముట్టుకుంటారు? ముందు తినిపించి, బాగున్నాయనిపించుకుని, ఆ తర్వాత చెబుదామనుకున్నాను. అదీ నా తెలివి.

రంజాన్ పండుగ రోజు పక్కింటి షాహీనక్క ఎప్పటిలాగే పాలు, సేమ్యాలతో చేసిన షీర్ ఖుర్మా పంపింది. మా వీధిలో ఎవరి గిన్నే ఖాళీగా తిరిగి వెళ్లదు. ఆ గిన్నెలో పెట్టి ఇవ్వడానికే ఆ జంతికలు వండాను. ఆమె ఏది తినాలో, ఏది తినకూడదో ఆమె కదా చెప్పాలి? ఆ ప్రశ్న అప్పుడు నాకు రాలేదు. వచ్చిందేమో, నేనే పక్కకు నెట్టానేమో.

జంతికలు ఆమె దాకా వెళ్లలేదు. మా అత్తయ్య ఖుర్మా తిని, ఉప్పు సరిపోయిందో లేదో చూస్తానంటూ రెండు జంతికలు నమిలింది. కాసేపటికి పెదవులు వాచాయి. మెడ నిండా దద్దుర్లు. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. ఆటోలో ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఆస్పత్రిలో డాక్టర్ ఏం తిన్నారని అడిగాడు.

రొయ్యలు, పీతలు పడనివాళ్లు తినకూడదని ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంది. నేను చదివాను. అత్తయ్యకు రొయ్యలు పడవని పెళ్లయిన కొత్తలోనే తెలుసు. కాస్త దురదే కదా, ఈ కాస్త పొడికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఇప్పుడు నిజం చెబితే? పురుగులు పెట్టి అత్తను చంపబోయిన కోడలంటారు.

పక్కింటి నుంచి వచ్చిన ఖుర్మా తిన్నారని చెప్పాను. ఇంకేమైనా తిన్నారా అని అడిగాడు. లేదన్నాను.

ఇంజెక్షన్ ఇచ్చారు, అత్తయ్య బతికింది. ఇంటికి రాగానే జంతికలనూ ప్యాకెట్‌నూ మురిక్కాలవలో పారేశాను. జంతికలు కూడా తిన్నానుగా అని తర్వాత ఆమె అంటే, శనగపిండి రోజూ తినేదేగా అని నోరు మూయించాను. ఈలోపు ఖుర్మాలో ఏదో కలిసిందని వీధంతా పాకిపోయింది.

మర్నాడు షాహీనక్క వచ్చి మా గుమ్మం బయటే నిలబడింది.

"నేనేం ఏశానమ్మా అందులో? పాలు, సేమ్యా, ఖర్జూరం. ఏటా చేసేదేగా. నువ్వన్నా చెప్పు, ఏందది?"

"ఏమోనక్కా. ఒక్కొక్కళ్లకి పడదు."

"మా పిల్లలూ అదే తిన్నారు గదమ్మా."

ఆమె నా మొహంలోకి చూస్తూనే ఉంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ నేను లోపలికి వచ్చేశాను. పొయ్యి వెలిగించనే లేదు. ఆమె గిన్నె అడగలేదు. నేను ఇవ్వలేదు.

ఆ తర్వాత ఆమె వీధిలో ఎవరింటికీ ఖుర్మా పంపలేదు. పాయసమంటే ప్రాణం పెట్టే అత్తయ్య పాలు, సేమ్యా, జీడిపప్పు అన్నీ మానేసింది. వాటిలో ఏ పాపమూ లేదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. మరి ఎందుకు చెప్పను? అత్తయ్య కోపానికా, వీధి నవ్వుతుందనా, లేక ఇన్నేళ్లు ఎందుకు దాచావని షాహీనక్క అడిగితే జవాబు లేకనా? సిగ్గుగా ఉంది.

ఈ ఏడు పండుగనాడు పక్కింట్లో పాలు మరిగే వాసన వచ్చింది. అత్తయ్య కిటికీ మూయమంది. నేను గడియ పెడుతుంటే అవతలి వంటింట్లో షాహీనక్క తలెత్తి చూసింది.

కీచురాళ్ల పొడి కలిపింది నేను. షాహీనక్క ఏమీ కలపలేదు. ఇన్నాళ్లకు ఈ మాట రాయగలిగాను. ఊపిరి కాస్త ఆడుతోంది. చెప్పాల్సింది మీకు కాదని నాకు తెలుసు. ఇది రాస్తూ మధ్యలో లేచి గిన్నె దించి తోమి పెట్టాను. అందులో ఏం పోసి ఇవ్వాలో తెలియడం లేదు.