ముందు వాళ్ళొచ్చారండీ: మా కామేశ్వరరావు మాస్టారు

కొవ్వూరు రేవులో స్నానం ముగించి తడిబట్టలతో మెట్లెక్కుతుంటే మా మేనల్లుడు ఎదురొచ్చి, "మావయ్యా, పాలకొల్లు నుంచి ఫోనొచ్చింది. కామేశ్వరరావు మాస్టారు పొద్దున్నే పోయారట" అన్నాడు. పక్షం రోజుల కిందటే ఆయన గొంతు ఫోనులో విన్నాను. ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, "ఒంట్లో బాగానే ఉందండి పండితులు గారూ, ఊళ్ళోనే బాగాలేదు" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

పాలకొల్లు దగ్గర కాలవగట్టు మీదున్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో ఆయన సోషల్ మాస్టారు, నేను తెలుగు పండితుణ్ణి. పొడుగాటి మనిషి. ఇస్త్రీ పంచె, కంచుకంఠం, ముక్కుమీద కోపం. సత్యనిష్ఠ అనే మాటను నేను పద్యాల్లో బోధించాను గాని, ఆ మాటకు కాళ్ళూ చేతులూ ఉండటం ఆయనలోనే చూశాను. తాతలనాటి చిన్న చేను ఒకటి ఉండేది. బడి వదలగానే పంచె ఎగ్గట్టి అందులో దిగేవారు. కనుక రైతు కష్టం తెలియని ఉద్యోగి అని ఆయనను అనడానికి వీల్లేదు. అన్నవాళ్ళు తరువాత అన్నారు, అది వేరే సంగతి.

ఆయన పాఠం వినడానికి నా పిరియడ్ లేనప్పుడు గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. బల్ల మీద పటం పరిచి, "గోదావరి ఎవరిదర్రా?" అని అడిగేవారు. "మనదండీ!" అని తరగతి మారుమోగేది. "మన దగ్గర పుట్టిందా?" పిల్లలు పటం మీదికి వంగేవారు. అప్పుడు బెత్తంతో త్ర్యంబకం నుంచి గీత గీసుకుంటూ వచ్చేవారు. "ఎక్కడో పడమటి కొండల్లో పుట్టి, మరాఠ్వాడా ఎండల్లో నడిచి, తెలంగాణ రాళ్ళ మీద పడి లేచి, అలిసిపోయి మన దగ్గరికొచ్చింది. మన దగ్గర గోదావరి బతకలేదర్రా, సముద్రంలో పడి చచ్చిపోతోంది. పోతూ పోతూ మనకింత ఒండ్రు పెట్టి పోతోంది. ఆ ఒండ్రు మీద కూర్చుని పక్కసీమ వాణ్ణి చూసి, వాడికి సేద్యం చేతకాదంటున్నాం." ఆ మాట పిల్లల ద్వారా ఇళ్ళకు చేరేది. ఇళ్ళల్లో పెద్దలకు రుచించేది కాదు.

ఒకసారి ఇద్దరం మండపేటలో పెళ్ళికి వెళ్ళి, ఓ మిల్లు పక్కన టీ తాగుతున్నాం. వరంగల్లు లారీ డ్రైవరొకాయన, "ఏందన్నా, లోడు ఇంక ఎత్తుతలేరు?" అని అడిగాడు. అక్కడున్నవాళ్ళు పనిమాని, "ఏందన్నా, ఏందన్నా" అని వెక్కిరిస్తూ ఒకటే నవ్వు. మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "ఏంటన్నా, ఏందన్నా అడిగేది ఒక్కటేనండి. వెక్కిరించడం అయిపోతే సమాధానం చెప్పండి. ఆయన ఇంటికెళ్ళాలి" అన్నారు. నవ్వు ఆగింది. బస్తాలు కదిలాయి.

ఇక ఆయన జీవితాన్ని రెండుగా చీల్చిన హైదరాబాదు ప్రయాణం గురించి చెప్పాలి. తొంభైల చివర్లో మాట. మా ఊరి మురుగుకాలవ గుర్రపుడెక్క మొక్కలతో పూడిపోయి, నాలుగు వానలు పడితే చేలల్లో నీళ్ళు దిగేవి కావు. తవ్వించమని రాజధానిలో ఒక పెద్ద అధికారిని అడగడానికి పంచాయతీ ప్రెసిడెంటు గారు, ఇద్దరు రైతులు, మాస్టారు, నేను బయలుదేరాం. విన్నపంలో భాష నాది, వాదన మాస్టారిది. ఉదయం దిగి, పనిచూసుకుని, సాయంత్రం బండికి తిరిగి రావాలని ఏర్పాటు.

ఆటోలో వెళ్తుంటే ప్రెసిడెంటు గారు అటూ ఇటూ మేడలు చూపిస్తూ, "ఈ ఊరంతా మనవాళ్ళు వచ్చి కట్టిందేనండి. లేకపోతే ఏముంది ఇక్కడ, రాళ్ళు తప్ప?" అన్నారు. మాస్టారు, "మన ఊళ్ళో కాలవ తవ్వకముందే ఇక్కడ చార్మినారు ఉందండి" అన్నారు.

ఆఫీసు వరండాలో బల్లల మీద అప్పటికే కొందరు కూర్చుని ఉన్నారు. నల్లగొండ వైపు పల్లెవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దాయన మోకాళ్ళు విల్లులా వంగిపోయి, కర్ర సాయంతో గాని లేవలేకపోతున్నాడు. ఆయన పక్కన సీసాలో నీళ్ళున్నాయి. ఎండనపడి వచ్చిన ప్రెసిడెంటు గారు చొరవగా ఆ సీసా అందుకున్నారు. పెద్దాయన కంగారుగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"తాగకుండ్రి సారూ! గవి పెద్దసారుకు సూపెట్టనీకి తెచ్చినం. మా ఊరి బోరు నీళ్ళు. సూడనీకి మంచిగనే ఉంటయి. తాగి తాగి నా కాళ్ళు గిట్లయినయి."

ప్రెసిడెంటు గారు నిప్పు ముట్టుకున్నట్టు సీసా వదిలేశారు. మాస్టారు దాన్ని వెలుతురుకేసి పట్టి చాలాసేపు చూశారు. ఫ్లోరైడు కంటికి కనబడదు కదా, మా గోదావరి నీళ్ళకన్నా తేటగా ఉన్నాయి.

మధ్యాహ్నమైంది. మేం పులిహోర పొట్లాలు విప్పాం. వాళ్ళలో ఒక ముసలామె జొన్నరొట్టె విరిచి మాకు పెట్టింది. మా రైతుల్లో ఒకాయన ఉండబట్టలేక, "మీ ఊరికి కాలవ లేదాండి?" అని అడిగాడు. "కాల్వ యాడిది బిడ్డా? వానొస్తెనే పంట. మరి మీరేం పనిమీదొచ్చిన్రు?" అందామె. అతను తల దించుకుని, "మాకు నీళ్ళెక్కువైపోయాయండి" అన్నాడు. ఆమె నవ్వలేదు, ఏడవలేదు. నమ్మలేనట్టు చూసింది. "ఒకళ్ళకి నీళ్ళు పోవాలి, ఒకళ్ళకి నీళ్ళు రావాలి. ఇద్దరం ఒకే గుమ్మం ముందు కూర్చున్నాం చూశారా పండితులు గారూ" అన్నారు మాస్టారు నాతో.

పొద్దు వాలుతుండగా బంట్రోతు తలుపు తీసి, "పాలకొల్లు వాళ్ళు రండి" అన్నాడు. మా ప్రెసిడెంటు గారి వియ్యంకుడు లోపలికి ఫోను చేయించాడని మాకు తెలుసు. ప్రెసిడెంటు గారు కండువా సర్దుకుని లేచారు. మాస్టారు లేవలేదు.

"బాబూ, ముందు వాళ్ళొచ్చారండీ. మేం వచ్చేసరికే ఉన్నారు."

"సారు మిమ్మల్నే రమ్మన్నారండి."

"సారు వరండాలోకి చూసి ఉండరు. మీరు చూశారు కదా, చెప్పండి."

ప్రెసిడెంటు గారు పళ్ళు బిగించి, "మాస్టారూ, ఇది మీ క్లాసు కాదు" అన్నారు. "క్లాసులో చెప్పింది బయట చెయ్యనప్పుడు చెప్పడం దేనికండీ?" అని, మాస్టారు ఆ పెద్దాయన చంకలో చెయ్యివేసి లేపి, తలుపు దాకా నడిపించారు. నేను సీసా అందించాను. బంట్రోతు ఏం చెయ్యాలో తోచక పక్కకు తప్పుకున్నాడు.

వాళ్ళు ఎంతోసేపు లోపల లేరు. బయటికొచ్చి, "సూస్తమన్నరు సారూ" అన్నాడు పెద్దాయన. చేతిలో సీసా అలాగే ఉంది. మేం లేచేసరికి అధికారి వేరే ద్వారం గుండా మీటింగుకు వెళ్ళిపోయారు. రేపు రమ్మన్నారు. మా బండి ఆ సాయంత్రమే.

ఆ ఏడు కోతలవేళ తుఫాను పట్టింది. కోసిన పనలు నీళ్ళలో తేలాయి, కంకుల మీదే ధాన్యం మొలకెత్తింది. మాస్టారి చేను కూడా అలాగే కుళ్ళింది. కాని ఊరంతా ఒక్క గొంతుతో, "మాస్టారు మన వంతు పరాయి వాళ్ళకి ధారపోశాడు. మన నోట్లో మట్టి కొట్టాడు" అంది. నిజానికి ఈలోగా ప్రెసిడెంటు గారు మళ్ళీ హైదరాబాదు వెళ్ళి ఆ అధికారిని కలిసే వచ్చారు. అక్కడ తాగిన కాఫీతో సహా రచ్చబండ మీద వర్ణించారు. కాలవలో గుర్రపుడెక్క మాత్రం కదల్లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసిన నిజం కన్నా, తిట్టడానికొక మనిషి అవసరమయ్యాడు. నన్నెవరూ ఏమీ అనలేదు. నేను కొవ్వూరు వాణ్ణి, చేను లేనివాణ్ణి. తిట్టుకు కూడా సొంతవాడే కావాలి కాబోలు.

తరువాత ఆయన చేలోకి ట్రాక్టరు రాలేదు. "ఖాళీ లేదండి, ఏమీ అనుకోకండి" అని ట్రాక్టర్లవాళ్ళు ఎంతో మర్యాదగా చెప్పేవారు. జెండా పండగకు ఆయనను పిలవడం మానేశారు. ఆయన రిటైరైన రోజున ఊరి నుంచి ఒక్క మనిషి రాలేదు. బడిలో మేమే దండ వేశాం. ఆయన క్షమించారని రాస్తే ఈ వ్యాసం అందంగా ఉంటుంది. ఆయన క్షమించలేదు. "గోదావరి వాళ్ళకి మర్యాద ఎక్కువంటారండి. నిజమే. అల్లుడికి, కలిగిన చుట్టానికి ఎక్కువే. కుంటుకుంటూ వచ్చినవాడికి వాడి వంతు వాడికివ్వడం మాత్రం ద్రోహం" అనేవారు. మీరు చాలా గొప్ప పని చేశారని నేనొకసారి అంటే మండిపడ్డారు. "గొప్పేంటండీ? ముందొచ్చినవాణ్ణి ముందు వెళ్ళమన్నాను. దాన్ని కూడా గొప్పంటున్నారంటే మనం ఎంత దిగజారామో చూసుకోండి."

మొన్న బడిలో సంతాపసభ పెట్టారు. ప్రెసిడెంటు గారే అధ్యక్షులు. మర్యాదకు మారుపేరని, ఊరికి వెలుగని, అజాతశత్రువని గద్గదస్వరంతో పలికారు. ఆయన పటాన్ని బడిలో శాశ్వతంగా ఉంచుతామని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ముందువరసలో కూర్చున్న మాస్టారి భార్య అన్నపూర్ణమ్మ గారు లేచారు. వేదిక దగ్గరికి వెళ్ళి, పటం మీద దండలన్నీ తీసి బల్లమీద పెట్టారు. "ఆయన బతికుండగా పలకరించలేదు కదండీ. ఇప్పుడు మీరు పిలిస్తే ఆయన పలకరు" అన్నారు. పటాన్ని పమిట చెంగుతో తుడిచి, గుండెకు ఆనించుకుని, ఎండలోకి నడిచి వెళ్ళిపోయారు. ప్రెసిడెంటు గారు మైకు సరిచేసుకుని, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు.

ఇలాంటి వ్యాసం చివర, ఆ మహనీయుని లోటు తీరనిదని రాయడం ఆచారం. నేను రాయలేను. లోటు ఉందని ఊరికి తెలిస్తే కదా, అది తీరడమో తీరకపోవడమో! కామేశ్వరరావు మాస్టారూ, నాకు తెలుసు. నా ఒక్కడి నమస్కారం స్వీకరించండి.