బ్యానర్ పరిచిన టీచరు

నా భార్య పోయిన సంగతి మా వాళ్ళకి నేను చెప్పేలోపే ఆమె పనిచేసిన బడి వాళ్ళు ప్రకటించేశారు. నేనింకా ఆసుపత్రి మెట్ల మీద ఉన్నాను. ఫోన్‌కి ఒక బొమ్మ వచ్చింది. వెనకాల సింగపూర్ భవనాలు, పైన ఎగిరిపోతున్న విమానం, మధ్యలో గుర్తింపు కార్డులోంచి కత్తిరించి అతికించిన నా భార్య ముఖం. చివరి ప్రయాణానికి బయల్దేరిన మా ప్రియమైన యాత్రికురాలు అని కింద ఇంగ్లీషులో రాశారు. మెదడులో నరం చిట్లి, స్పృహ లేకుండా పడుకుని, మళ్ళీ కళ్ళు తెరవని మనిషిని విమానం ఎక్కించారు.

ఆమె యాత్రికురాలు కాదు. బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి నుంచి కె.ఆర్.పురంలో పుట్టింటికి వెళ్ళాలన్నా బస్సులో కిటికీ పక్క సీటు, చేతిలో నిమ్మకాయ ఉండాల్సిందే. ఆమె సోషల్ టీచరు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఏటా సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ తిప్పుకొచ్చే పని ఆమెకి అప్పగించారు. పిల్లలు ఆమె మాట వింటారు కాబట్టి. ఆ అర్హత ఆ బడిలో ఇంకెవరికీ లేదు.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది పిల్లలు ఇలాంటి బళ్ళలోనే చదువుతుంటారు. నేను రాయబోయేదానికి మీకు కోపం రావచ్చు. రానివ్వండి.

ఆ యాత్రకి బడి పెట్టిన పేరు ప్రపంచ పౌరుల కార్యక్రమం. ఈ ప్రపంచ పౌరులు పొద్దున్నే ఇడ్లీ తింటారు. అందుకోసం ట్రావెల్ కంపెనీ బెంగళూరు నుంచే వంటమనిషిని తీసుకెళ్తుంది. మధ్యాహ్నం, రాత్రి ఇండియన్ హోటల్లో పన్నీరు, జీరా రైసు. మధ్యలో ఏసీ బస్సు. బస్సులో హిందీ పాటలు. నగరం అద్దాల అవతల తన మానాన తను ఉంటుంది. మొదటిసారి వెళ్ళొచ్చినప్పుడు ఎలా ఉందని అడిగాను.

“మూడు దేశాలు తిరిగితిమి, ఒకే పన్నీరు తింటిమి,” అంది చెప్పులు విప్పుతూ.

బయల్దేరే ముందు తల్లిదండ్రులతో సమావేశం ఉంటుంది. అక్కడ ఎవరూ ఆ దేశాల గురించి అడగరు. గదిలో వైఫై ఉంటుందా, బాత్రూములో నీళ్ళ పైపు ఉంటుందా, ఎండలోకి తీసుకెళ్తారా, ఇవే ప్రశ్నలు. ఒకసారి ఒక తల్లి, “మా వాడికి పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టదు మేడం,” అందట.

“మంచిదే కదమ్మా. మేలుకొని ఉంటే ఊరన్నా చూస్తాడు,” అందట మా ఆవిడ.

ఇక బ్యానర్ సంగతి. పెద్ద ఫ్లెక్సీ. బడి పేరు, ముద్ర, ట్రావెల్ కంపెనీ పేరు, వీటన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ప్రపంచ పౌరులు. బస్సు ఎక్కడ ఆగినా పిల్లలు దిగి దాని వెనక వరసగా నిలబడాలి. ఫొటో వెంటనే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళాలి. పిల్లలు ఏం చూశారో ఆ గ్రూపులో ఎవరికీ అక్కర్లేదు. తమవాడు ముందు వరసలో ఉన్నాడా లేడా, అంతే. చూడాలన్నా పిల్లలకి వీలు లేదు. కెమెరా వైపు ముఖాలు, నగరం వైపు వీపులు. ఒకావిడ బ్యాంకాక్‌కి ఫోన్ చేసి, తన కొడుకు ముఖం మీద నీడ పడిందని, ఇంకో ఫొటో తీయమని అడిగింది.

“సూర్యుణ్ణి కొంచెం జరగమని చెప్తాను మేడం,” అని మా ఆవిడ ఫోన్ పెట్టేసింది.

బ్యానర్ రెండు కొసలూ ఇద్దరు టీచర్లు పట్టుకోవాలి. వాళ్ళు ఫొటోలో పడకూడదు. సంతాపసభకి విదేశంలో దిగిన ఫొటో ఒకటి కావాలని బడి వాళ్ళు అడిగితే వెతికాను. అన్ని ఏళ్ళ ఫొటోల్లోనూ నా భార్య అంటే బ్యానర్ ఎడమ కొసన నాలుగు వేళ్ళు. ఒక వేలికి మా పెళ్ళి ఉంగరం. ఆ ఫొటోలు బడికి ఇవ్వలేదు.

ఫొటో అయ్యాక బ్యానర్ చుట్టి బస్సులో పడెయ్యాలి. ఆమె చుట్టేది కాదు. నీడ చూసుకుని నేల మీద పరిచేది. పిల్లల ఫోన్లన్నీ తన సంచిలో వేసుకునేది. వీధిలో అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, దేంట్లో ఏం వేశారో అడిగి తెలుసుకుని, అందరూ తినగలిగినవి కొనుక్కొచ్చేది. కౌలాలంపూర్‌లో అరటిపండు బజ్జీలు. బ్యాంకాక్‌లో కొబ్బరిపాలు పోసిన జిగురన్నం, పక్కన మామిడిపండు ముక్కలు. తినడం, ఎదురుగా ఉన్న వీధిని చూడడం, ఇవే పిల్లల పని. వేరే కార్యక్రమం ఏమీ లేదు. ఉపన్యాసం అసలే లేదు.

మొదటిసారి పిల్లలు బ్యానర్ చుట్టూ నిలబడిపోయారు. ఎవరూ దాని మీదికి రాలేదు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒక తెలుగమ్మాయి చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, “మేడం, అక్షరాలున్నాయి. తొక్కకూడదు కదా, సరస్వతి,” అంది.

“దాంట్లో సరస్వతి ఏమీ లేదమ్మా. స్కూల్ పేరే ఉండాది. కూర్చో.”

ఆ అమ్మాయే తర్వాత ఒకరోజు లిఫ్టులో నాతో చెప్పింది. “అంకుల్, అక్కడ బజ్జీలు వేసే ఆంటీకి మా ఏజ్ కూతురుంది. చిల్లర లెక్కపెట్టడం నాకు రాలేదని ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చేసింది.” బడి వెబ్‌సైటులో ఆ యాత్ర గురించి ఒక పేజీ నిండా రాశారు. అందులో ఈ నవ్వు లేదు.

తిరిగొచ్చాక బ్యానర్ లెక్క ప్రకారం ప్రిన్సిపాల్ గదికి చేరుతుంది. ఆయన విప్పి చూశాడు.

“మేడం, ఈ పసుప్పచ్చ మరకలేంటి?”

“వాన పడింది సర్.”

“వాన పసుప్పచ్చగా పడతదా?”

“అక్కడ పడతాది సర్. మనకే ఎక్స్‌పోజర్ లేదు.”

మా కాపురంలో ఎక్కువ భాగం ఇతరుల్ని తిట్టుకోవడంతో హాయిగా గడిచింది. సాయంత్రం నేను జిగణిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి ఆమె బాల్కనీలో కాఫీతో సిద్ధంగా ఉండేది. నేను మా మేనేజర్ని తెచ్చేవాణ్ణి, ఆమె వాళ్ళ చైర్మన్‌ని. ఇద్దర్నీ ఉతికి ఆరేసేవాళ్ళం. నాది ఒంగోలు తెలుగు. ఆమెది బెంగళూరులోనే తరాలుగా కన్నడంతో కలిసి పెరిగిన తెలుగు. “మీరు తిడితే పేపర్ చదివినట్ల ఉండాదప్పా. కొంచెం కారం వెయ్యండి,” అనేది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరినీ తిట్టడం లేదు. ఒక్కణ్ణే తిట్టుకుంటే రుచి లేదు.

విదేశాల నుంచి ఆమె నాకు ఏమీ తెచ్చేది కాదు. చూసినవి వరసగా చెప్పేది, అంతే. నేను దేశం దాటలేదు. అయినా కౌలాలంపూర్‌లో హోటల్ వెనక వీధి, బస్టాపు పక్కన నీలం గొడుగు, దాని కింద బజ్జీలు వేసే ఆవిడ, ఆవిడ కళాయి నాకు తెలుసు.

ఫ్లెక్సీల మీద ఆమెకి ఏ గౌరవమూ లేదు. బడి వార్షికోత్సవం అయ్యాక పారేసినది ఒకటి తెచ్చి మా స్కూటర్‌కి కప్పింది. దాని మీద చైర్మన్ ముఖం ఉంది. ముఖం లోపలికి తిప్పింది.

“వచ్చేపోయేవాళ్ళకి ఎందుకు బాధ,” అంది.

పెద్దకర్మ అయ్యాక బడిలో సంతాపసభ పెట్టారు. చైర్మన్ ఆమె పేరు రెండుసార్లు తప్పు పలికాడు. మూడోసారి మేడం అని సర్దుకున్నాడు. ప్రయాణాలంటే ఆమెకి ప్రాణం అన్నాడు. నిమ్మకాయ సంగతి ఆయనకి తెలియదు. తర్వాత నన్ను ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్ళారు. లెక్కల టీచరు కూడా వచ్చింది. గుంటూరు అమ్మాయి, నా భార్యకి స్నేహితురాలు, నన్ను అన్నయ్య అంటుంది. ఈ ఏడాది నా భార్య బదులు పిల్లలతో వెళ్ళేది ఆమే.

ప్రిన్సిపాల్ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. కొత్త బ్యానర్ నమూనా. సగం మేర నా భార్య ముఖం, చుట్టూ బంగారు రంగు పూలదండ.

“మేడంకి ఇది మా ట్రిబ్యూట్ సర్. మూడు దేశాల్లోనూ మేడం పిల్లలతోనే ఉన్నట్టుంటది. మీరు ఓకే అంటే ప్రింట్‌కి పంపిస్తం.”

ఆయన దురుద్దేశంతో చేసిన పని కాదు. దురుద్దేశానికి కూడా కొంత ఆలోచన కావాలి. నాకు మాత్రం ఆ బొమ్మలో ఒక్కటే కనిపించింది. అక్షరాల మీద కూర్చోవడానికే జంకిన పిల్లలు పోయిన టీచరు ముఖం మీద కూర్చోరు. దాని వెనక నిలబడి ఫొటో దిగుతారు, జాగ్రత్తగా చుట్టి బస్సులో పెడతారు, మళ్ళీ పన్నీరు తినడానికి వెళ్తారు. ఆమెని గౌరవించడం పేరుతో ఆమె చేసిన పని ఆగిపోతుంది. మిగిలేది బ్యానర్ ఒక్కటే.

“వద్దు,” అన్నాను.

“ఫొటో నచ్చలేదా సర్? వేరేది ఇవ్వండి, మార్పిస్త.”

“ఫొటో సంగతి కాదు. ముఖమే వద్దు.”

“ఎందుకు సర్?”

“పిల్లలు దాని మీద కూర్చుంటారు.”

“బ్యానర్ మీదనా?”

“అవును. కూర్చుని తింటారు.”

లెక్కల టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని ప్రిన్సిపాల్ మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

“మీరు ఫీల్ కాకండి సర్. ఇకమీద ఎవరూ కూర్చోకుండా నేను చూసుకుంట.”

“అందుకే వద్దంటున్నాను.”

ఆయనకి అర్థం కాలేదు. భర్త ఒప్పుకోలేదు కాబట్టి ముఖం వేయలేదు, పాత నమూనాతోనే కొత్తది అచ్చు వేశారు. కానీ పసుప్పచ్చ వాన ఎక్కడ పడిందో ఆయనకి తెలిసిపోయింది. బ్యానర్ నేలకి తగలకూడదని, ఫొటో తీసిన వెంటనే చుట్టి తీసేసుకోవాలని ట్రావెల్ కంపెనీ మనిషికి గట్టిగా చెప్పారట. నా భార్య అయితే ఇంకో చక్కటి అబద్ధం చెప్పి బయటపడేది. నాకు నిజం తప్ప ఏమీ తోచలేదు.

బయల్దేరే ముందు లెక్కల టీచరు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. “ఏం చెయ్యమంటావన్నయ్యా?” అంది. ఏమీ చెయ్యొద్దమ్మా, నీ ఉద్యోగం చూసుకో అన్నాను. సింగపూర్ నుంచి ఫొటోలు పంపింది. ఎడమ కొసన వేరే వేళ్ళు ఉన్నాయి. బ్యానర్ శుభ్రంగా ఉంది.

పోయిన వారం ఫ్యాక్టరీలో టీ తాగుతుంటే కౌలాలంపూర్ నుంచి ఆమె ఫోన్.

“అన్నయ్యా, అక్క చెప్పిన బజ్జీలావిడ కనిపించింది. అక్క ఫొటో చూపిస్తే గుర్తుపట్టింది. ఈసారి రాలేదేంటని సైగ చేసి అడిగింది.”

“ఏం చెప్పావు?”

“ఏమీ చెప్పలేదు. వస్తుందిలే అన్నట్టు తలూపేశాను. నా వల్ల కాలేదన్నయ్యా.”

పర్వాలేదన్నాను. ఆమె వెనక ట్రాఫిక్, పిల్లల గోల. ఎవరో మగమనిషి ఇంగ్లీషులో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. దగ్గరికొచ్చాక తెలిసింది, ట్రావెల్ కంపెనీ మనిషి, బ్యానర్ అడుగుతున్నాడు. బస్సుకి ఆలస్యమవుతోందట.

“ఉండన్నయ్యా,” అని ఆమె ఫోన్ పక్కకి పెట్టుకుంది. “నేనేం చెయ్యను సర్. లేవమంటే పిల్లలు లేవట్లేదు.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నోట్లో కూడా ఏదో ఉంది.

ఫోన్ ఆపడం మరిచిపోయింది. నేనూ ఆపలేదు. ఇటు జరగరా అని ఎవరో అన్నారు. వాళ్ళు జరిగినప్పుడల్లా కింద ఫ్లెక్సీ చప్పుడు చేస్తూనే ఉంది.