లింగాలను ఏ డివిజన్‌లో కలిపారు?

అది 2023వ సంవత్సరం. నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రభుత్వ పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. జీతం ఆ పనికే ఇస్తారు గానీ నా ఆదివారాలన్నీ ఇంకో పనికి పోయేవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్ల జట్లతో నడిచే క్రికెట్ లీగ్‌కు కన్వీనర్‌ని నేనే. అదేదో పెద్ద హోదా అనుకునేరు. ఎవరు ఎవరితో ఎక్కడ ఆడాలో తేల్చడం, అంపైర్‌ను బతిమాలి తీసుకురావడం, చివరికి అందరిచేతా చీవాట్లు తినడం, ఇదీ నా ఉద్యోగం.

లీగ్‌లో పది జట్లు. అందరూ అందరితో ఆడేవారు. గద్వాల ప్రతి ఏడూ గెలిచేది, లింగాల ప్రతి ఏడూ అట్టడుగున ఉండేది. ఈ రెండింటికీ మ్యాచ్ పడిందంటే పొయ్యి మీద కూర ఉడికేలోపే ఆట ముగిసేది. అలాంటి ఆట చూస్తే నాకు ఒళ్లు మండేది.

నాకు మొదటినుంచీ ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్ పిచ్చి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అక్కడి జట్లు రెండు డివిజన్లుగా ఆడతాయి. పైదాంట్లో చివర మిగిలినవాళ్లు కిందికి దిగాలి, దాన్ని రెలిగేషన్ అంటారు. కింద గెలిచినవాళ్లు పైకి ఎక్కుతారు, అది ప్రమోషన్. ఏ డివిజన్‌లో ఎన్ని జట్లుండాలన్న పంచాయితీ వాళ్లకు ఇప్పటికీ తెగలేదు. నేను మాత్రం ఒక్క పూటలో తెంచేశాను. ఐదు పైన, ఐదు కింద. ఉజ్జీలు కుదిరితేనే ఆట రక్తి కడుతుందని నా నమ్మకం, ఇప్పటికీ అది మారలేదు. “డివిజన్ల పునర్వ్యవస్థీకరణ జరిగింది. లింగాల రెండో డివిజన్‌లోకి మారింది” అని వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఘనకార్యం చేసినవాడిలా టీ తాగాను.

రెండు రోజుల తర్వాత బడి ముందు ఆటో ఆగింది. నిండా లింగాల పెద్దలు. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కలెక్టరాఫీసుకు వచ్చినంత గంభీరంగా దిగారు. వాళ్ల వెనక తలొంచుకుని జట్టు కెప్టెన్ బాలస్వామి, పత్తి రైతు. పక్కన అతని తల్లి ఈదమ్మ.

“మల్ల మమ్ముల యాడ కలుపుతున్నరు సార్? పట్టా పనికి ఇగ యే ఆఫీసు చుట్టు తిరగాలె?” అన్నాడు ముందు నిలబడ్డ పెద్దాయన.

నాకు ఒక నిమిషం ఏమీ అర్థం కాలేదు. తర్వాత తట్టింది. జిల్లాలు విడదీసినప్పటినుంచీ మా వైపు డివిజన్ అంటే ఆర్డీవో ఆఫీసే. మండలాన్ని ఎందులో కలుపుతారోనని జనం ధర్నాలు కూడా చేశారు. నా కబురు ఊరంతా తిరిగేసరికి అందులోంచి క్రికెట్ జారిపోయింది, డివిజన్ ఒక్కటే మిగిలింది. ఇది ఆట సంగతని బాలస్వామి మొత్తుకున్నాడట గానీ, ఆటగాడికి ఆఫీసుల విషయం ఏం తెలుసని ఎవరూ పట్టించుకోలేదు.

విషయం చెప్పేసరికి అందరూ ఒకటే నవ్వు. నేనైతే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. నవ్వనిది ఈదమ్మ ఒక్కతే. మా లీగ్‌లో మ్యాచ్ ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరివాళ్లే వచ్చిన జట్టుకు అన్నం పెట్టాలి. చాలాచోట్ల బిర్యానీ పొట్లాలతో కానిచ్చేస్తారు. లింగాలలో మాత్రం ఈదమ్మ పెత్తనం కింద జొన్నరొట్టెలు, నాటుకోడి కూర.

“నా కూరల ఉప్పు గిట్ల తక్కువైందా సారూ, మమ్ముల కిందికేసిండ్రు?” అని అడిగిందామె.

ఉప్పు కాదు పెద్దమ్మా, పరుగులు తక్కువయ్యాయని నచ్చజెప్పాను. ఆమె సరేనంది గానీ ముఖం తేరుకోలేదు. అప్పటిదాకా నోరు విప్పని బాలస్వామి అప్పుడు మాట్లాడాడు.

“ఓడుడు మాకు కొత్త గాదు సార్. గని ఇగ గద్వాలోల్లు మా ఊరికి రారు గద? ఆఫీసరొస్తే పనిమీద వస్తడు, యాపారి వస్తే పత్తికి వస్తడు. ఉత్తగ ఆడుకొని, తిని, నవ్వుకుంట పొయ్యేటోల్లు వీల్లే.”

వాళ్లు వెళ్లాక మనసు చివుక్కుమంది. నేను జట్లను విడదీశాననుకున్నాను, వాళ్లకేమో ఏడాదికొకసారి వచ్చే చుట్టాలు దూరమయ్యారు.

ఆ సాయంత్రం గద్వాల కెప్టెన్ నర్సింలుకు ఫోన్ చేశాను. చీరలు నేసే మనిషి, మాట తక్కువ. ఏకపక్షపు మ్యాచ్‌ల బెడద తీరిందని సంతోషిస్తాడనుకున్నాను.

“మమ్ముల గూడ కిందికెయ్యండి సార్” అన్నాడు.

నాకు చిర్రెత్తింది. గెలిచిన జట్టుకు రెలిగేషన్ ఏ దేశంలోనైనా ఉందా అని గట్టిగానే కసిరాను. అతను తొణకలేదు. గద్వాలలో తాము ఆడుతుంటే చూడటానికి ఒక్కరూ రారని, లింగాలలో అయితే బంతి పత్తిచేలో పడితే ఊరు ఊరంతా వెతుకుతుందని చెప్పాడు. నిరుడు తను సిక్స్ కొడితే అవతలి జట్టు తల్లులే చప్పట్లు కొట్టారట. “గా మ్యాచ్ కోసమే మా పోరగాండ్లు ఏడాదంత ఆడుతరు సార్” అని ఫోన్ పెట్టేశాడు.

మొండికేసిన వాళ్ల మధ్య నా ఇంగ్లండ్ పాండిత్యం ఎందుకూ కొరగాలేదు. డివిజన్లు అలాగే ఉంచాను. కాకపోతే ప్రతి జట్టూ అవతలి డివిజన్‌లో తనకు నచ్చిన ఒక జట్టును పిలుచుకుని ఒక మ్యాచ్ ఆడొచ్చన్నాను. దానికి పాయింట్లు లేవు, ఎక్కడం దిగడం లేదు. నేను దానికి ఫ్రెండ్లీ అని పేరు పెట్టాను. ఈదమ్మ దాన్ని చుట్టపు మ్యాచ్ అంది. ఇప్పుడు మూడు జిల్లాల్లో ఆ పేరే నిలిచింది.

నా లెక్కా తప్పలేదు. కింది డివిజన్‌లో సమానమైన వాళ్లతో ఆడి ఆడి లింగాలకు గెలుపు అలవాటైంది. ఈ ఏడాది పట్టికలో మొదట నిలిచింది. నా విధానమే నెగ్గిందన్న గర్వంతో, ప్రమోషన్ వచ్చిందని చెప్పడానికి బాలస్వామికి ఫోన్ చేశాను.

“సంతోషమే సార్. గని పైకి పోతే పెబ్బేరోల్లు రారు గద? అమ్మ జర పరేషాన్ అయితుంది.”

పెబ్బేరు కింది డివిజన్ జట్టు. ఈ రెండేళ్లలో వాళ్లూ ఈదమ్మ చేతి కూరకు అలవాటు పడ్డారు. జట్లను బలాన్ని బట్టి విడదీయడం నాకు ఇంగ్లండ్ నేర్పింది. విడదీసే ముందు ఎవరింటికి ఎవరు వస్తున్నారో కనుక్కోవడం లింగాల నేర్పింది. పై డివిజన్‌లో గద్వాల ఎలాగూ పాయింట్ల మ్యాచ్‌కే వస్తుంది గనక, చుట్టపు మ్యాచ్‌కు పెబ్బేరును పిలుచుకోమన్నాను.

ఫోన్ పెట్టేలోపే వెనకనుంచి ఈదమ్మ గొంతు వినబడింది. ఈసారి రెండు కోళ్లు ఎక్కువ పెంచాలంటోంది.