ఒక చుట్టు ఎక్కువ

వీధిలో అందరికీ ఆవిడ రాగిపెద్దమ్మ. మరిది పెట్టుకున్న ఆంప్లిఫయర్ల దుకాణంలో ఏళ్ల తరబడి రాగితీగ చుడుతోంది. పాట ఆంప్లిఫయర్ దాటి స్పీకరుకు వెళ్లే చివరి గుమ్మం దగ్గర చిన్న చుట్ట ఒకటి ఉంటుంది. లోపల ఇనుము గినుము ఏమీ ఉండదు, ఒట్టి గాలి. లావాటి తీగను డ్రిల్ బిట్టు మీద బిగించి చుట్టి, బిట్టు లాగేస్తే చుట్ట తయారు.

చుట్లు అంకెల్లో లెక్కపెట్టడం పెద్దమ్మకు అలవాటు లేదు. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న ప్రార్థన ఉంది, మాటకో చుట్టు. ప్రార్థన అయితే చుట్ట అయినట్టే. అప్పుడు బ్లేడు తీసి తీగ కొసల మీది వార్నిషు గీకుతుంది. గీకకపోతే టంకం పైపైన ముద్దగా, బుద్ధిగా కూర్చుంటుంది గానీ కరెంటు లోపలికి పోదు. భారమంతా పక్కనున్న బుల్లి రెసిస్టరు మీద పడుతుంది. సౌండు చిన్నగా పెడితే పాట వస్తుంది. పెద్దది చేస్తే ఆ రెసిస్టరు కాస్తా మాడి, పాట ఆగిపోతుంది.

ఆ మధ్యాహ్నం కొత్త చుట్ట చుట్టి, ప్రార్థన ముగించి, బ్లేడు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొద్దున ఆఖరి చుట్టకు ఈ చెయ్యి ఇటు వచ్చిందా?

రాలేదనిపించింది. మరిది కూతురు గువ్వకు నిన్నటినుంచి గొంతు పట్టేసింది. సాయంత్రం బడి హాల్లో పిల్ల ఒక్కతే పాడాలి. అందుకని పొద్దున ప్రార్థన చివర పిల్ల గొంతు కోసం ఒక మాట కలిపింది. మాటతోపాటు చెయ్యీ ఒక చుట్టు ఎక్కువ తిప్పింది. ఆపైన కళ్లు తుడుచుకుని చుట్టను డబ్బాలో పడేసింది. అది బిగించిన ఆంప్లిఫయరే ఇందాక ఆ హాలుకు వెళ్లింది. మరిది పరీక్షించకపోలేదు. కానీ పైవాటాలో పసిబిడ్డ లేస్తుందని ఎప్పుడూ చిన్నగానే పెడతాడు.

కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తోచలేదు. చెప్పులు వేసుకుంది, విప్పింది, మళ్లీ వేసుకుంది. చివరికి దుకాణానికి తాళం వేసి బస్సెక్కింది. ఎవరో అమ్మాయి లేచి సీటిచ్చింది. "చల్లగా ఉండు తల్లీ" అంది గానీ కూర్చోలేకపోయింది. మర్యాదకు ఆ అమ్మాయీ కూర్చోలేదు. సీటొక్కటే హాయిగా ప్రయాణం చేసింది.

హాల్లో వేదిక వెనక మరిది వైర్లు సర్దుతున్నాడు.

"ఏంటి వదినా, ఇంకా బోలెడు టైముంది. ముందు వరసలో కుర్చీ కోసమా?"

"మూత తియ్యి."

"దేని మూత?"

"ఆ పెట్టెది. కొసలు గీకకుండా ఇచ్చాను నాయనా. గువ్వ గొంతెత్తగానే ఆగిపోతుంది, పదిమందిలో పిల్ల బిక్కమొహం వేస్తుంది. తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

"నువ్వు తీస్తే బిగించడానికి మళ్లీ నేనే రావాలి" అంటూ స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

లోపల రెండు స్పీకర్లకు రెండు చుట్టలు. ఒకటి కాస్త పొడుగు, ఎక్కువ చుట్టుది అదే. కొసలు కంటికి ఆనలేదు. గోటితో తడిమింది. టంకం పక్కన తీగ గరుకుగా తగిలింది. గీకే ఉంది. అయితే తన గీకుడు ఒకవైపే పొడుగ్గా సాగుతుంది, ఇది పొట్టిగా చుట్టూ తిరిగింది. రెండోదాన్ని తడిమింది. అదీ అంతే.

"ఎవరు గీకారు?"

"టంకం పెట్టే ముందు నేనూ ఓసారి బ్లేడు తిప్పుతాలే."

"వీటికేనా?"

"అన్నిటికీ."

"ఎప్పట్నుంచి?"

మరిది స్క్రూలు ఏరుకుంటూ తలెత్తలేదు. "నీ చూపు మసకబారిందని తెలిసినప్పట్నుంచి. చెబితే చుట్టడం మానేస్తావని చెప్పలేదు. చెయ్యి తియ్యి వదినా, మూత వెయ్యాలి."

"ఒక చుట్టు ఎక్కువుంది, చూశావా?"

"చూశా. ఒక్క చుట్టుకి కొంపేం మునగదని ఉంచేశా."

తాను దేవుడికి చెప్పుకున్నది ఈ పొద్దున. ఆయన ఏర్పాటు మాత్రం ఎప్పటినుంచో నడుస్తోందన్నమాట. అలా అనుకున్నా మనసు కుదుటపడలేదు. గీకకుండా ఇచ్చినవి ఇంకెన్నో, ఈ పిల్లాడు ఎన్ని సర్దుకున్నాడో.

గువ్వ పాడింది. మొదట్లో ఓచోట గొంతు జీరపోయింది, ఆ తర్వాత తేరుకుంది. పాట హాలు చివరి గోడదాకా వెళ్లింది. పెద్దమ్మ బొటనవేలు మాత్రం చూపుడువేలి చుట్టూ తిరుగుతూనే ఉంది.

"రేపు కళ్లద్దాల షాపుకి తీసుకెళ్లు" అంది, పక్కన నిలబడ్డ మరిదితో.

"తీసుకెళ్తా."

"అద్దాలొచ్చాక నా చుట్టల మీద బ్లేడు పెట్టావో, ఊరుకోను."

"చూద్దాంలే" అన్నాడు మరిది.