నూరు నిండందే కదలని ఏలియా

పొద్దున ప్రార్థన ముగించి, ఇంకా టీ నీళ్లయినా తాగకముందే, బ్యాటరీల ఏలియా కూతురు ప్రసన్న బల్ల దగ్గరికి వెళ్లేవాడు. ఆమె ల్యాప్‌టాప్‌కు పెట్టిన చార్జింగు వైరు ఊడలేదని చూసుకుని, దుమ్ము పడకుండా పైన మడత తువ్వాలు కప్పేవాడు. కాసేపటికి మూత ఎత్తి చూసేవాడు. నూరు శాతం అని కనిపిస్తే, బిడ్డకు కడుపునిండా పెట్టి బడికి పంపిన తండ్రిలా తృప్తిగా షాపుకు బయలుదేరేవాడు. ఆ వైరు తీయాలని మాత్రం ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఎనుమాముల మార్కెట్ రోడ్డులో ఆయనది బ్యాటరీ షాపు. ట్రాక్టర్లవి, ట్రాలీ ఆటోలవి, ఇన్వర్టర్లవి, ప్రాణం పోయిన బ్యాటరీలన్నీ ఆయన చేతికే వచ్చేవి. మిర్చి బస్తాలతో వచ్చిన రైతు బండి మొరాయిస్తే, తన బ్యాటరీ బిగించి "ముందుగాల సరుకు దింపి రాపో" అని పంపేవాడు. బ్యాటరీని ఖాళీ కడుపుతో పండబెట్టొద్దని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నీళ్లు పోసే సీసం బ్యాటరీకి అది నిజమే.

ఆ ఎండాకాలం ప్రసన్నకు ఖమ్మం దగ్గరి ఒక కాన్వెంటు బడిలో లెక్కల టీచరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఇంట్లోనే కూర్చుని, ల్యాప్‌టాప్ ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. ఆ పాఠం వినాలని ఏలియా షాపు తెరవకుండా తలుపు చాటున నిలబడ్డాడు. బిడ్డ రొట్టెను ముక్కలు చేస్తూ భిన్నాలు చెబుతుంటే ఆయన పెదవులు కూడా కదులుతున్నాయి. అంతలో బయట గాలిదుమారం లేచింది. కరెంటు పోయింది. 'ఏం ఫికర్ లేదు, నూరున్నది' అనుకున్నాడు.

మరుక్షణమే తెర నల్లబడింది.

"కంపెనోళ్లు మోసం జేసిండ్రు!" ఏలియా అరిచాడు. "నూరు పెట్టిన. నా చేతుల్తోని పెట్టిన!"

"నువ్వు పెట్టుడే కొంప ముంచింది బాపూ! రాత్రీ పగలూ గా వైరు ఉండనే ఉంటది. తియ్యిమని ఎన్నిమాట్ల చెప్పిన?"

"నాకు చెప్తున్నవా బ్యాటరీల సంగతి? నాకు?"

ప్రసన్న ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి వేలితో తట్టింది. అది కాలు విరిగిన పీటలా ఊగింది. కింది మూత ఉబ్బి ఉంది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు లేవు, కోపమే ఉంది. బడి పెద్ద సిస్టర్‌కు ఫోన్ చేసి బతిమాలితే, ఆ తల్లి కనికరించి "సాయంత్రం నాలుగింటికి ఇంకొక్కసారి చెప్పమ్మా, అంతే" అన్నది.

హన్మకొండలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే స్వప్న, వచ్చినవాళ్ల ముఖాలు చూసి ముందు మంచినీళ్ల సీసా అందించింది. ఏలియా ముట్టుకోలేదు. ఆమె మూత విప్పింది. లోపలి బ్యాటరీ పూరీలా పొంగి ఉంది.

"అంకుల్, ఇది ఎప్పటికీ చార్జింగు మీదనే ఉంటదా?"

"ఉంటది. లేకపోతే ఖరాబైతది గద!" అన్నాడు ఏలియా. "పైన తువ్వాల గూడ కప్పుతడు" అన్నది ప్రసన్న.

"మీ బ్యాటరీలకు అది కరెక్టే. ఇది ఆ జాతి కాదు. ఎప్పుడూ నిండుగ, పైంగ వేడిల ఉంచితే లోపల్లోపల ముసలిదైతది. గ్లాసు చిన్నగైందనుకోండ్రి. చిన్న గ్లాసు నిండినా నూరనే చూపిస్తది గని, అండ్ల నీళ్లేవి? రోజు వాడుకానికి ఎనభై కాడ ఆపాలె, ఇరవైకి దిగకముందే మళ్ల పెట్టాలె. ఊరికి పోయేనాడు నూరు చేసుకున్నా ఏం కాదు. తువ్వాల మాత్రం కప్పద్దు."

"నిన్నగాక మొన్న పుట్టినవ్! నా చేతుల మీది యాసిడ్ మచ్చలకున్నంత లేదు నీ వయసు!"

"మచ్చలకు దండం పెడ్త అంకుల్. తువ్వాలకు మాత్రం పెట్ట."

ప్రసన్న కూడా నవ్వకుండా ఉండలేకపోయింది. ఆ నవ్వుకు ఏలియా ఒళ్లు ఇంకా మండింది.

స్వప్న పొంగిన బ్యాటరీని ఏదీ గుచ్చుకోకుండా మెల్లగా తీసి ఇసుక బకెట్లో పెట్టింది. కొత్తది రేపు గాని రాదు, అందాకా వైరు మీదే నడుస్తుంది, కరెంటు పోతే మాత్రం అంతే అని చెప్పింది.

దారిలో చెట్ల కొమ్మలు విరిగి పడి ఉన్నాయి. ఊళ్లో ఎక్కడా కరెంటు లేదు. బండి మీద వెనక ప్రసన్న ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఏలియా కంపెనీని తిట్టాడు, గాలిని తిట్టాడు, లైన్‌మన్‌ను తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. అప్పుడు ఆ కోపం తిరిగి తన మీదికే వచ్చింది. ఎన్నిసార్లు చెప్పిందీ పిల్ల! ఒక్కసారైనా విన్నాడా తను? పళ్లు నూరుకుని బండిని షాపు వైపు తిప్పాడు.

షాపులో ఇన్వర్టర్ ఉంది. నాలుగు కావస్తోంది, దాన్ని ఇంటికి మోసుకుపోయే వ్యవధి లేదు. బ్యాటరీలు పక్కకు నెట్టి బల్ల వేశాడు, ల్యాప్‌టాప్‌కు వైరు తగిలించాడు. తెర వెలిగింది. ప్రసన్న జుట్టు సవరించుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే పక్క గోడ అదిరింది.

పక్కది మొగిలయ్య కారం పట్టే గిర్ని. కరెంటు లేక డీజిల్ ఇంజను నడుపుతున్నాడు. కారం దుమ్ము బ్యాటరీల మీద పడుతోందని పోయిన ఏడు ఏలియా నడిరోడ్డు మీద అతన్ని నానా మాటలూ అన్నాడు. అప్పటినుంచీ మాటల్లేవు. అయినా మొగిలయ్య రోజూ తన గుమ్మం ముందు నీళ్లు చల్లేటప్పుడు ఏలియా గుమ్మం ముందూ ఇంత చల్లేవాడు. ఏలియా దాన్ని చూసీ చూడనట్టు ఉండేవాడు.

ఇప్పుడు విసురుగా గిర్నిలోకి నడిచాడు.

"ఓ మొగిలయ్యా!"

"ఏంది, మళ్ల నీ బ్యాటరీలు తుమ్మినయా?" అన్నాడు మొగిలయ్య. కారం పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు నవ్వారు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి!" ఇంజను హోరులో ఏలియా గొంతు చించుకున్నాడు. "నా బిడ్డ ఉద్యోగానికి పాఠం చెప్పాలె, లోపల కూసున్నది. పొద్దున నా మూర్ఖంతోని చెడగొట్టిన. ఈ మాటు గూడ చెడితే మళ్ల అడగనియ్యరు. నన్ను రేపు ఎంతన్న తిట్టు, నిలబడి పడ్త. పాఠమయ్యేదాక జర ఇంజను బందు పెట్టరాదే, తమ్మీ!"

మొగిలయ్య చేయి చాచి ఇంజను ఆపాడు; గోడ అవతలి నుంచి రొట్టె ముక్కల లెక్క చెబుతున్న ప్రసన్న గొంతు వినిపించింది.